సీలు వేసిన డబ్బా

“ఆ డబ్బా జోలికెళ్లావంటే చెయ్యి విరుస్తా, బావా!”

కెప్టెన్ అన్నంత పనీ చేసే మనిషి. డబ్బా వైపు చాచిన చెయ్యి అతను వెనక్కి తీసుకున్నాడు. కెప్టెన్ అతని భార్యకి స్వయానా అన్న. ఇద్దరూ ఒకరినొకరు ‘బావా’ అనే పిలుచుకుంటారు. కానీ ముప్పై రెండు రోజులుగా ఒకే పడవలో ఒకరి మొహం ఒకరు చూసుకుని, ఆ పిలుపులో సరసం ఎప్పుడో ఇంకిపోయింది.

డబ్బాలో ఉన్నది శాటిలైట్ ఫోను. ప్రాణం మీదికొస్తే తప్ప ముట్టుకోకూడదని ఈ తెరచాప పడవల పందెంవాళ్లు సీలు వేసి ఇచ్చారు. సముద్రం చుట్టి, బయల్దేరిన రేవుకే తిరిగి చేరేసరికి ఆ సీలు చెక్కుచెదరకుండా ఉండాలి. లేదంటే పందెంలోంచి తీసేస్తారు.

“ఒక్క నిమిషం మాట్లాడి పెట్టేస్తా. నెలలు నిండిన మనిషి. బయల్దేరేటప్పుడే డాక్టరమ్మ బీపీ ఎక్కువుందంది.”

“నువ్వు ఫోన్ చేస్తే బీపీ దిగొస్తుందా? వెళ్లి చుక్కాని పట్టు.”

“నీకు మాత్రం చెల్లెలు కాదూ?”

“ఇక్కడ నాకు చెల్లెలూ లేదు, బావా లేడు. పడవుంది. గాలి మారింది, చూశావా?”

వీడు మనిషి కాదు, బండరాయి అనుకున్నాడతను. అలిగి ఎటైనా పోదామంటే గుమ్మం దాటితే సముద్రమే. లోపలి గది నాలుగడుగులకే అయిపోతుంది. నిటారుగా నిలబడితే కప్పు నెత్తికి కొడుతుంది. ఉన్నది ఒక్కటే పడక, ఒకరు లేస్తేనే ఇంకొకరికి. ఎప్పుడు నడుం వాల్చినా పక్క తడితడిగా, అవతలివాడి చెమట కంపుతో ఉంటుంది.

ఆ పడక మీద కెప్టెన్ డబ్బాని తలగడ చేసుకుని మరీ నిద్రపోతాడు. లేస్తే చంకన పెట్టుకుంటాడు. చిరిగిన తెరచాపలు కుట్టాలంటూ రోజుకి మూడుసార్లు పడవ ముందు భాగంలో ఉన్న సామాన్ల కొట్లో దూరి తలుపేసుకుంటాడు. అప్పుడూ డబ్బా వెంట ఉండాల్సిందే.

వారం నుంచి పిచ్చి మరీ ముదిరింది. గాలి ఎంత జోరుగా ఉన్నా తెరచాప దించనివ్వడు. తన వంతు నిద్ర కూడా మానుకుని పడవని పరిగెత్తిస్తున్నాడు.

“స్తంభం విరుగుతుంది బావా!” అన్నాడతను నిన్న.

“విరిగితే ఈదుకుంటూ పోదాం. ఆ తాడు లాగు!”

పందెంలో ఇచ్చే కప్పు కోసం ఇంత కక్కుర్తా అని అతనికి ఒళ్లు మండిపోయింది. అక్కడ ఆవిడకి ఏదైనా అయితే ఆ కప్పు ఏ అటక మీద పెట్టుకుంటాడు? దిగులుతో తిండి సహించడం లేదు, కన్ను మూతపడడం లేదు.

ఆ మధ్యాహ్నం కెప్టెన్ చుక్కానికి తాడు కట్టి, పక్కనే కూలబడి కునుకు తీశాడు. నోరు తెరుచుకుని, గడ్డం మాసి, పదేళ్లు పెద్దవాడిలా ఉన్నాడు. ఒళ్లోని డబ్బా జారి కాళ్ల దగ్గర పడింది.

అతను పిల్లిలా వచ్చి డబ్బా అందుకున్నాడు. లోపలికెళ్లి తలుపు గడియ పెట్టాడు. పందెం పోతే పోనీ, లేచాక చెయ్యి విరిస్తే విరవనీ అనుకున్నాడు. కూరలు తరిగే చాకు తీసుకుని డబ్బా తిప్పి చూశాడు.

చాకు అక్కర్లేకపోయింది. సీలు ఎప్పుడో తెగి ఉంది. తెరచాపలకి వేసే టేపు ముక్కతో దాన్ని శుభ్రంగా అతికించారు.

పడవలో ఉన్నదే ఇద్దరు. ఇంకొకరు ఎక్కడినుంచి వస్తారు? అతను ఇంటి నంబరు కాకుండా భార్య చేతి ఫోను నంబరే నొక్కాడు. రెండో రింగుకే ఎత్తింది. అతను నోరు తెరిచేలోపు ఆవిడే అందుకుంది.

“మళ్లీ నువ్వేనా అన్నయ్యా? నొప్పులింకా మొదలవలేదులే. నేను ఆస్పత్రిలో చేరానని మాత్రం మీ బావకి చెప్పకు, బెంగపడిపోతారు. పందెం పోతే పోయింది, పురుటి వేళకి ఆయన్ని తెచ్చి నా ముందు నిలబెడతానన్నావు, గుర్తుందిగా?”