గీత దాటిన బంతి

“వచ్చిందగ్గర్నుంచీ ఆ ఏడో నంబరు వాణ్ణే చూస్తన్నావు మంగా!” సోమసుందరం పులిహోర క్యారేజీ మూత విసురుగా పెట్టాడు.

డెబ్బై ఎనిమిదిలో ఖరగ్‌పూర్ నుంచి నర్సీపట్నం బదిలీ అయ్యాక, కార్తీకంలో ప్రతి ఆదివారం ఆ దంపతులకి ఏదో ఒక ఊళ్లో ఫుట్‌బాల్ మ్యాచే వనభోజనం. ఈ వారం కొయ్యూరు.

“అతన్ని కాదండీ, అతని కాళ్లని,” అంది అలివేలుమంగ.

“కాళ్లలో ఏటుంది?”

“కుళ్లుకుంటన్నాను.”

“వాడి మీదా?”

“మీ మీద కూడా. బుద్ధెరిగిన కాడి నుంచీ ఆట చూస్తన్నాను. ఒక్కసారీ బంతి తన్నలేదు. బంతి ఇవతలికొస్తే మీరే లేచి తన్నుతారు. నేను చప్పట్లు కొడతాను.”

ఇన్ని వారాలూ ఆమె ఆటగాళ్లని కన్నార్పకుండా చూస్తుంటే, అసూయ తన ఒక్కడిదే అనుకున్నాడు సోమసుందరం.

అంతలో బంతి గీత దాటి వాళ్ల ముందుకు దొర్లుకొచ్చింది.

“బాబూ, బేగి తన్నండి!” ఏడో నంబరు వాడు అరిచాడు.

అలవాటుగా లేచిన సోమసుందరం ఆగి, పక్కకు జరిగాడు.

అలివేలుమంగ చెప్పులు విడిచింది. కుచ్చిళ్లు పైకి దోపింది. తన్నింది.

బంతి గాల్లో లేచి, మైదానం నడుమ నిలబడ్డ ఏడో నంబరు వాడి కాళ్ల దగ్గరే పడింది. జనం ఈలలేశారు.

సోమసుందరం ఎప్పుడూ అంత దూరం తన్నలేదు. అందరికంటే ఆలస్యంగా చప్పట్లు కొట్టాడు.