భీముడి ఆపరేషన్

శ్రీరాములు మామిడితోటలో కుక్క కడుపుతో ఉందని పక్క తోట దుర్గ ఊరంతా చెప్పిందట. అది మగకుక్క కదమ్మా అని ఎవరో గుర్తుచేస్తే, "అయితే ఏంటంట? ముందు ఆ పొట్ట చూసి మాట్లాడండి" అందట.

పొట్ట మాట నిజమే. కోతుల్ని, కాయదొంగల్ని మైలవరం రోడ్డు దాకా తరిమికొట్టిన భీముడు ఈ ఏడు పూత నాటి నుంచి మారిపోయాడు. పిందె పడేసరికి పొట్ట జారింది. కాయ ముదిరేసరికి నడుం మీద వెంట్రుకలు ఊడాయి. బకెట్టు నీళ్ళు పెడితే బకెట్టూ ఖాళీ. కోతి ఎదురొస్తే తనే పక్కకి తప్పుకుంటున్నాడు.

శ్రీరాములు ఆరోగ్యమూ అంతంత మాత్రమే. ఆయాసం. నాలుగు చెట్లు దాటితే ఐదో చెట్టు పట్టుకుని నిలబడాలి. పెరుగు కఫం చేస్తుందని మానేశాడు. ఇంట్లో చెప్పలేదు. పెరుగు లేనిది భోజనమే కాదంటుంది భార్య హైమవతి. అందుకే క్యారేజీలో అడుగు గిన్నె రోజూ భీముడిదే. గిన్నె నాకి పెట్టినట్టు ఇంటికి చేరేది. హైమవతి మురిసిపోయేది.

కాయ కోతకి రాకముందే భార్యాభర్తలిద్దరూ కుక్కని ఆటోలో వేసుకుని బెజవాడ తీసుకెళ్ళారు.

"హార్మోన్ జబ్బులా ఉందండీ" అన్నాడు పశువుల డాక్టరు కృష్ణకాంత్. "కిడ్నీ పక్కన గ్రంథి ఉంటుంది. దాని మీద గడ్డ లేస్తే ఇలాగే అవుతుంది. కోసి తీసెయ్యాలి. పెద్ద ఆపరేషన్. బల్ల మీంచి లేవకపోవచ్చు కూడా."

"కొయ్యండి. వాడు పోతే తోటలో నాకు దిక్కెవరండీ!"

"బాగుంది సంబడం" అంది హైమవతి. "మాత్ర మింగమంటే మీరు గోడ దూకుతారు. వాడికి మాత్రం కోతలా?"

"వాడు నాలా పిరికోడు కాదులే" అన్నాడు శ్రీరాములు, రొప్పుతూ.

ఆపరేషన్ రోజు భీముడి పొట్ట గొరిగి, చివరిసారి స్కానింగ్ చేశారు. శ్రీరాములు వరండాలో భార్య పక్కన కూర్చుని దేవుళ్ళందరికీ మొక్కుకున్నాడు.

డాక్టరు గ్లవ్స్ విప్పుకుంటూ బయటికొచ్చాడు.

"కోత అక్కర్లేదండీ. గడ్డే లేదు. గ్రంథులు రెండూ వాడిపోయి ఉన్నాయి. రోజూ స్టెరాయిడ్ మాత్రలు పడుతుంటే అవి ఇలా పని మానేసి కూర్చుంటాయి. ఎవరు వేస్తున్నారు?"

"అయ్యో, మేమెందుకు వేస్తామండీ! ఇంటన్నం తప్ప వాడేమీ ముట్టడు" అన్నాడు శ్రీరాములు.

"ఇంటన్నం అంటే?"

శ్రీరాములు భార్య వంక చూశాడు. ఇక దాచి లాభం లేదు.

"పెరుగన్నమండీ. నా క్యారేజీలోది."

హైమవతి నోరు తెరిచింది.

"మీరెలాగూ మింగరని, పూత నాటి నుంచి మీ ఆయాసం మాత్రలు నేను నూరి కలుపుతున్నది అందులోనే కదండీ!"