గోడ అవతలి గొంతు

సౌండ్ సిస్టమ్ మేనేజరుది. ఫోనూ మేనేజరుదే. రెండూ కలవనంటున్నాయి.

"వేరే ఫోన్ కలిసి ఉంది" అని సిస్టమ్ తెర మీద చూపిస్తోంది.

ఆఫీసుకి సెలవు పెట్టి మరీ మ్యాచ్ కోసం కూర్చున్నాడు. అసలే ముక్కు మీద కోపం. బటన్ మళ్లీ నొక్కాడు.

బాక్సుల్లోంచి ఎవరిదో మగ గొంతు వచ్చింది. ఏదో నవల చదువుతోంది. ఒక్క మాట తడబడకుండా, నింపాదిగా, పక్కన కూర్చుని చెబుతున్నట్టు.

"ఎవడ్రా వీడు, నా ఇంట్లో దూరింది!"

కుర్చీలో ఉన్న తల్లి ఉలిక్కిపడింది. ఆమెకి చూపు పోయి ఏడాది దాటింది.

"ఉండనీరా, కథ మంచి పట్టులో ఉంది."

వినే ఓపిక ఎవరికుంది? చెప్పులైనా వేసుకోకుండా వెళ్లి పక్కింటి తలుపు దబదబా బాదాడు.

మెడలో టేపుతో టైలరు తలుపు తీశాడు. ఇన్నాళ్లుగా పక్కనే ఉంటున్నా మేనేజరు అతని మొహం సరిగ్గా చూడటం అదే మొదలు. కుట్టుమిషను మీద ఫోను వెలుగుతోంది.

"నీ ఫోన్లో కథ మా బాక్సుల్లో ఎందుకు మోగుతోందయ్యా?"

"అ... అది సార్... అ... అమ్మగారు..."

"మా అమ్మ ఊసెత్తకు! సిస్టమ్ నాది, ఇల్లు నాది."

"త... త... తప్పయింది సార్."

"త... త... తప్పయిందా?" మేనేజరు వెక్కిరించాడు. మెట్లు దిగుతున్నవాళ్లు కిసుక్కుమన్నారు. "నోట్లోంచి మాట తిన్నగా రాదుగానీ, ఊరందరికీ కథలు వినిపిస్తాడట! ఇంకోసారి మోగిందంటే ఓనరుకి చెప్పి నీ సామాను బయట పారేయిస్తా."

టైలరు పెదవులు కదిలాయి. చేతులు జోడించాడు.

మేనేజరు ఇంటికొచ్చి సిస్టమ్‌లోంచి టైలరు ఫోన్ని తీసిపారేశాడు. అప్పుడు వెలిగింది బుర్ర.

"లోపల ఎవరూ బటన్ నొక్కకుండా వాడి ఫోన్ ఎలా కలిసింది?"

"నేనే నొక్కాను" అంది తల్లి. "ఏది నొక్కాలో ఆ టైలరబ్బాయి బాల్కనీలోంచి చెప్పాడు. తడుముకుంటూ నొక్కాను."

"నీకేమైనా మతిపోయిందా అమ్మా? ఎవరొచ్చినా తలుపు తీయొద్దన్నానా లేదా?"

"తీయలేదు కదరా! అందుకేగా గోడ అవతల నుంచి వచ్చింది!" ఆమె గొంతు పెరిగింది. "పొద్దున పోయి చీకటిపడ్డాక వస్తావు. ఈ డబ్బా కొనిపెట్టి, నీకు తోడన్నావు. నీ ఫోన్ నీ జేబులో పోతుంది. ఇంక ఇది దేంతో పాడుతుంది, నా తలకాయతోనా?"

మేనేజరుకి ఒళ్లు మండిపోయింది. నిజం అలాగే మండిస్తుంది.

"కథలేగా! నా ఫోన్లో కావలసినన్ని దొరుకుతాయి. చదివినవాడి పేరు చెప్పు, ఇప్పుడే పెడతా."

"దొరకదు."

"ఎందుకు దొరకదు?"

తల్లి మొహం గోడకేసి తిప్పుకుంది.

మేనేజరు పంతం పట్టాడు. ఒక మంచి ఫోన్ కొని ఇంట్లోనే ఉంచాడు. పేరున్న గొంతులన్నీ వెతికి వినిపించాడు. ఆమె మాత్రం "కట్టెయ్" తప్ప కొడుకుతో మరో మాట అనలేదు. వేరే ఊళ్లో ఉన్న కూతురు ఫోన్ చేసినా కొడుకు ఊసెత్తలేదు.

ఓ ఆదివారం పక్కింటికి తాళం కనిపించింది. టైలరు ఖాళీ చేసేశాడు. పోతూ పోతూ వాచ్‌మన్ చేతికి పెన్‌డ్రైవ్ ఒకటి ఇచ్చాడట, అమ్మగారికిమ్మని.

"ఎక్కడో డౌన్‌లోడ్ చేసినవి పంచిపెడుతున్నాడు, మహాదాత" అని గొణుక్కుంటూనే మేనేజరు దాన్ని సిస్టమ్‌కి పెట్టాడు. కనీసం ఈ దెబ్బతోనైనా తల్లి మాట్లాడుతుందని ఆశ.

ఆగిపోయిన చోటునుంచి కథ మొదలైంది. అదే గొంతు, అదే నింపాది. తల్లి మొహం విప్పారింది. మేనేజరుకి దాని మీదా కోపమే వచ్చింది. తన గొంతు విని ఆమె అలా ఎప్పుడు వెలిగిందో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

కథ అయిపోయింది. అతను ఆపబోయాడు.

"ఉండు" అంది తల్లి.

బాక్సుల్లో కాసేపు చప్పుడు లేదు. తర్వాత అదే గొంతు పలికింది.

"అ... అమ్మగారూ, ఇ... ఇన్నాళ్లూ నా న... నత్తినంతా క... కత్తిరించి వి... వినిపించాను, ఈ... ఈ ఒక్క మాటకి మాత్రం అం... అంత టై... టైం లేదు."