బీరువాలో ఒక్కదానికి చోటు

గేలన్ కొత్త రైఫిల్‌ని చేపల గాలాల పొడుగు సంచిలో దాచుకుని స్నేహితుడు డ్వేన్ షెడ్డుకి వచ్చాడు.

పొద్దున చేపలకని చెప్పి ఇంట్లోంచి బయల్దేరినప్పుడు ఆ సంచి ఖాళీ. దారిలో కర్టిస్ తుపాకుల కొట్టు దగ్గర నిండింది.

ఈస్టర్ భోజనాల దగ్గర భార్య నొరీన్ అన్న మాట అతని చెవిలో ఇంకా ఉంది. "ఇంకొక్క కొత్త తుపాకీ ఈ గడప దాటి లోపలికొచ్చిందంటే, నేను టల్సాలో మా అక్క దగ్గరికి వెళ్లిపోతా. మళ్లీ రాను."

ఆ మాట అని, బంగాళాదుంపల గిన్నె అతని వైపు జరిపింది. నొరీన్ అరిచి చెప్పినవి మర్చిపోవచ్చు. గిన్నె జరుపుతూ నెమ్మదిగా చెప్పినవి జరిగి తీరతాయి.

నలభై ఒక్క ఏళ్ల కాపురం. గేలన్‌కి వంట రాదు. కానీ భయం తిండి గురించి కాదు. పొద్దున్నే వంటింట్లో రేడియో పెట్టే మనిషి ఉండదేమోనని.

అయినా కొన్నాడు.

షెడ్డులో డ్వేన్, లానీ అప్పటికే కాఫీ పోసుకుని కూర్చున్నారు. డ్వేన్ భార్య ప్యాట్సీ యాపిల్ కేకు పంపింది. నెలకో శనివారం ముగ్గురూ ఇలా కలుస్తారు. ఎవరికి వాళ్లు కొత్తగా కొన్నది బల్ల మీద పెట్టాలి. కొత్తదంటే వాళ్లకి కొత్తది. కర్టిస్ కొట్లో ఉండేవన్నీ ఎవరో వాడి వదిలేసినవే.

గేలన్ సంచి విప్పాడు. మీట లాగి, లోపల తూటా లేదని చూపించి, గొట్టం గోడ వైపు ఉంచి డ్వేన్‌కి అందించాడు. అది వాళ్ల మర్యాద.

డ్వేన్ భుజానికి ఆన్చుకుని, ఒక కన్ను మూసి గురి చూశాడు. "అబ్బ! చేతిలో ఎంత ఒదిగిందిరా! నా దగ్గరా ఇలాంటిదొకటుంది గానీ, ఇంత బాగుండదు."

"నీ దగ్గరున్నది ఏది బాగుంటుందిరా? నీతో సహా," అన్నాడు లానీ.

తర్వాత డ్వేన్ తన రెండు గొట్టాల తుపాకీ తీశాడు. లానీ దాని కర్ర పిడిని గుర్రాన్ని నిమిరినట్టు నిమిరాడు. "దీన్ని వదులుకున్నవాడెవడో గానీ, వాడికి పైన తలకాయ ఉండాల్సిన చోట గుమ్మడికాయ ఉండుంటుంది."

లానీ తెచ్చింది రివాల్వర్. గేలన్ కళ్లజోడు సర్దుకుని పరీక్షగా చూశాడు. మొహం చిట్లించాడు.

"పాపం, దీని గతి చూడు. ముందు ఉంచుకున్న దరిద్రుడెవడో ఒక్కసారైనా నూనె పూశాడంటావా? ఇలాంటివాళ్లకి తుపాకులమ్మకూడదని చట్టం తేవాలి."

"చట్టం మాట నువ్వెత్తావా?" అని డ్వేన్ నవ్వాడు.

"ఈ ఒక్క చట్టమే."

కాఫీ రెండోసారి పోసుకున్నాక లానీ గొంతు తగ్గించాడు. "అది సరే గానీ, ఇదెక్కడ పెడతావురా? నొరీన్ ఒట్టేసిందన్నావుగా."

"అదే చిత్రం," అన్నాడు గేలన్. "బీరువా కిక్కిరిసి ఉంటుంది. కానీ ఒకటి తెచ్చిన ప్రతిసారీ, వెనక వరసలో సరిగ్గా ఒక్కదానికి చోటుంటుంది."

"మా ఇంట్లోనూ అంతేరా!" అన్నాడు డ్వేన్.

"మా ఇంట్లోనూ," అన్నాడు లానీ, కాస్త భయంగా.

ముగ్గురూ భక్తిగా టోపీలు తీసి పైకి చూశారు.

బీరువాలో ఎన్ని ఉన్నాయో ముగ్గురిలో ఎవరూ లెక్కపెట్టరు. లెక్కపెడితే ఇంకోటి కొనడానికి మనసు రాదు. వెనక వరసలోకి వెళ్లినదాన్ని మళ్లీ బయటికి తీసేదీ లేదు. ప్రతిదానికీ ఒక ఉన్ని తొడుగు. తొడుగులన్నీ వాళ్ల ఆడవాళ్లు ప్రతి గురువారం చర్చిలో కూర్చుని అల్లినవే. గేలన్ బీరువా తాళం నంబరు నొరీన్ పుట్టినరోజు. అతను మర్చిపోకుండా ఉండాలని ఆమే పెట్టించింది.

గేలన్ ఇంటికొచ్చేసరికి నొరీన్ గిన్నెలు కడుగుతోంది. రేడియో మోగుతోంది. అతను వేళ్ల మీద నడుస్తూ వంటింటి గుమ్మం దాటబోయాడు.

"చేపలు పడ్డాయా?" అంది, వెనక్కి తిరక్కుండానే, ఎదురుగా ఉన్న కిటికీ అద్దంలో అతన్ని చూస్తూ.

"లేదు. గాలి ఎక్కువగా ఉంది."

"సంచి బరువుగా ఉన్నట్టుందే. భుజం ఒంగిపోయింది."

గేలన్ సంచిని రెండో భుజానికి మార్చుకున్నాడు. ఆమె చేతులు తుడుచుకుంటూ ఇటు తిరిగింది. గాలాల సంచి వంక చూసింది. తర్వాత అతని మొహం వంక చూసింది.

"కొత్తదా గేలన్?"

ఇలాంటప్పుడు ఏం చెప్పాలో షెడ్డులో ముగ్గురూ కలిసి ఏనాడో అనుకున్నారు. అదే చెప్పాడు. "కొత్తదేం కాదు. ఎన్నేళ్ల నుంచో ఉన్నదే."

గోడ మీద టల్సా అక్క పంపిన క్యాలెండర్ ఉంది. గేలన్ నొరీన్‌ని చూడలేక దాన్నే చూస్తూ నిలబడ్డాడు.

"అవునులే," అంది నొరీన్. "వెళ్లి మొహం కడుక్కో. సూప్ వేడిగా ఉంది."

అబద్ధాన్ని ఇంత సౌమ్యంగా నమ్మే భార్య ఎంతమందికి దొరుకుతుందనుకుంటూ అతను గబగబా లోపలి గదిలోకి వెళ్లాడు. బీరువా తెరిచాడు. వెనక వరసలో, సరిగ్గా ఒక్కదానికి చోటుంది. కింద ఖాళీ తొడుగు కూడా ఒకటి, నీట్‌గా మడతపెట్టి ఉంది. "దేవుడి దయ," అనుకుంటూ రైఫిల్‌కి దాన్ని తొడిగి లోపలికి తోశాడు.

బీరువా తలుపు మూసుకున్న చప్పుడు వినగానే, నొరీన్ రేడియో తగ్గించి ఫోన్ అందుకుంది.

"ప్యాట్సీ, మీ ఆయన పాత రైఫిల్ మా ఇంటికి చేరింది, లానీది మీ ఇంటికి, మా ఆయనది లానీ ఇంటికి, ఆరేళ్లుగా మన మూడిళ్లలోకీ కొత్తది ఒక్కటీ రాలేదు గానీ, వచ్చే నెలకి వెనక వరసల్లోంచి ఏవి తీసి కర్టిస్‌కి ఇద్దామంటావ్?"