కత్తెర కింద కొడుకు

"కత్తెర పక్కన పెట్టు నాయనా! వాణ్ణి కోస్తే నన్ను కోసినట్టే."

ఉమ్ ఖల్దూన్, అంటే ఖల్దూన్ వాళ్లమ్మ, ఎడిటింగ్ బల్లకు అడ్డంగా నిలబడింది. బీరూట్‌లో, షాతీలా శరణార్థి శిబిరం పక్కనున్న ఆ నేలమాళిగ గదిలో నాయిఫ్ ఒక్కడే ఉన్నాడు. పోరాటాన్ని సినిమా తీసే యూనిట్‌లో మిగతావాళ్లంతా కెమెరాలు భుజాన వేసుకుని సరిహద్దుకు పోయారు. పలకరిద్దామంటే రీళ్లు తప్ప మనుషుల్లేరు. హవానాలో జరిగే పాలస్తీనా సంఘీభావ సభకు ఆ సాయంత్రమే సినిమా పంపాలి.

"ఒక్క షాట్ పోతే కొంపలు మునగవులే పిన్నీ."

"మునిగిన కొంపలోంచి వచ్చినదాన్ని, నాకు చెప్తున్నావా? శిబిరంలో ఎప్పుడు తెర కట్టినా ముందు వరసలో ఎందుక్కూచుంటాను? గుట్టెక్కి వెనక్కి తిరిగి చెయ్యూపుతాడే, వాడి కోసమే!"

అది నాయిఫ్‌కూ తెలుసు. బతికున్న గెరిల్లాల ముఖాలు చూపించకూడదన్నది యూనిట్ నియమం. అందుకే ఆ చెయ్యూపేవాడి ముఖానికి కెఫియే, అదే గళ్ల తలగుడ్డ, చుట్టి ఉంటుంది, కళ్లు మాత్రం కనిపిస్తాయి. ఖల్దూన్ పోరుకు వెళ్లి తిరిగి రాలేదు, కబురూ లేదు. ఆ ముసుగులో ఆవిడ కొడుకును చూసుకుంటోందని శిబిరమంతా అనుకునేది. నాయిఫూ అదే అనుకున్నాడు.

"సినిమా పొడుగైందా? అయితే ఆ నాయకుడి ఉపన్యాసం కొయ్యి. ఈ ఫిల్ము చుట్ట కాస్త సన్నబడిందంటే హవానా వాళ్లు సంతోషించి వాళ్ల చుట్టలు పంపిస్తారు!"

ఇంకో రోజైతే నాయిఫ్ పగలబడి నవ్వేవాడు.

"మాది డాక్యుమెంటరీ పిన్నీ. కోతలు ఉండకూడదనే ఈ కోత." కత్తెర కింద పెట్టాడు. "ఆ రోజు మేం వెళ్లేసరికి కుర్రాళ్లంతా గుట్ట దిగి వెళ్లిపోయారు. షాట్ లేకుండా తిరిగి రాలేక, కెమెరా ఇంకొకడి చేతిలో పెట్టి, ముసుగు కట్టుకుని నేనే ఎక్కాను. వాడు మీ ఖల్దూన్ కాదు, నేను."

తల వంచుకున్నాడు. ఏడుస్తుందేమో. తిట్టినా బాగుండు! తనను తిట్టే అమ్మ సరిహద్దు అవతల, ఇజ్రాయెల్ ఏలుబడిలోని నజరేత్‌లో ఉండిపోయింది. రేడియోలో చదివే క్షేమసమాచారాల్లో "నాయిఫ్ కులాసా" అన్న ఒక్క ముక్క తప్ప ఆమెకు చేరేది ఏమీ లేదు.

ఉమ్ ఖల్దూన్ స్టూలు లాక్కుని అతని పక్కనే కూర్చుంది.

"మొదటిసారే తెలిసిందిరా పిచ్చివాడా! తుపాకీని కెమెరాలా భుజాన పెట్టుకుని, ఒక కన్ను మూసుకుని గుట్టెక్కేవాడు ఈ ఊళ్లో నువ్వు కాక ఇంకెవడు? అక్కడ మీ అమ్మకు నిన్ను చూసుకునే దారి లేదు కదా. అందుకని ఆమెకు బదులు నేను వచ్చి చూస్తున్నాను."