చివరి డబ్బా ప్రైమర్లు

తుపాకీ సామాన్ల కొట్టు కౌంటర్ మీద మిగిలింది ఒకే ఒక్క డబ్బా. డెల్ చెయ్యి చాపేలోపే దాని మీద ఇంకో చెయ్యి పడింది.

చూస్తే ఎవరో ముసలావిడ. ఈ ఊరి మొహం కాదు.

"ఏ తుపాకీకి?" అంది ఆవిడ.

డెల్‌కి ఒళ్లు మండింది. ప్రైమర్ల కోసం మూడు నెలలుగా మోంటానా రాష్ట్రమంతా గాలిస్తున్నాడు. శనివారం ఎల్క్ దుప్పుల వేట మొదలు. పదహారేళ్ల కూతురు నోరా తొలిసారి వస్తోంది. తన తూటాలు తనే నింపుకునే మనిషి అతను. ఇత్తడి గొట్టాలు, మందు, గుళ్లు అన్నీ సిద్ధం. అడుగున నిప్పు రాజేసే ఈ చిన్న బిళ్లలే లేవు.

"మా తాతది, పాత మిలిటరీ తుపాకీ. తూటా దానంతటదే ఎక్కించుకుంటుంది. చాలా? చెయ్యి తీయండి."

"దానికివి వద్దు నాయనా. వీటి రేకు పల్చన. మందం రేకువి వచ్చేదాకా ఆగు."

"ఇరవయ్యేళ్లుగా ఇవే వాడుతున్నా."

"ఎందులో?"

"చేత్తో బోల్టు లాగేదాన్లో. ఎందులో అయితేనేం, ప్రైమర్ ప్రైమరే."

"కాదు. మీ తాత తుపాకీలో ప్రైమర్‌ని కొట్టే సూది వదులుగా ఉంటుంది. బోల్టు మూసుకునే ఊపుకే పోయి తగులుతుంది. రేకు పల్చనైతే ట్రిగ్గర్ నొక్కకుండానే పేలి..."

"నాకు పాఠాలు చెప్పి డబ్బా మీరు కొట్టేద్దామనా?"

ఆవిడ డబ్బు పెట్టి, డబ్బా సంచిలో వేసుకుంది.

"వెర్న్, ముందొచ్చింది నేను కదా?"

కొట్టు యజమాని వెర్న్ తల ఎత్తలేదు. కళ్లెదుటే ఇంత అన్యాయమా? ఎవరికైనా కడుపు మండదా?

"కొని దాచి రెట్టింపుకి అమ్ముకునే రకం," అన్నాడు డెల్ కొట్టంతా వినేలా. "ఈ వయసులో సిగ్గైనా ఉండాలి."

ఎవరో నవ్వారు. ఆవిడ తల వంచుకుని బయటికి నడిచింది.

"నీ కొట్టుకి మళ్లీ వస్తే ఒట్టు," అన్నాడు డెల్.

"ఆవిడకి తుపాకీయే లేదు, డెల్."

"మరెందుకు కొన్నట్టు?"

"ఏటా వేట ముందు నూట ఇరవై మైళ్ల నుంచి వస్తుంది. మీ తాతదిలాంటి తుపాకీ ఉన్నవాళ్లు ఇవి అడిగితే వద్దని చెబుతుంది. వినకపోతే వాళ్లకి దక్కకుండా తనే కొనేస్తుంది."

"ఆ మాట నువ్వు చెప్పొచ్చుగా?"

"ఆవిడ ముందు నోరెత్తే మొహం నాకు లేదు."

డెల్ బయటికి పరిగెత్తాడు. ఆవిడ పికప్ ట్రక్కు అప్పటికే హైవే ఎక్కేసింది.

తిరిగొచ్చి నెమ్మదిగా అడిగాడు, "ఎవరు వెర్న్ ఆవిడ?"

"ఆర్డిస్ అని. పదకొండేళ్ల కిందట కొడుకు అలాంటి తుపాకీయే మొహం మీద పేలి చచ్చిపోయాడు. అందులో వాడినవి ఈ ప్రైమర్లే. పుట్టినరోజుకని ఆవిడే కొనిచ్చింది, అమ్మింది నేను."