సున్నపు గీత

నాగాయలంక కాలవ గట్టున ఆ కొత్త మనిషి మళ్ళీ కనబడేసరికి అన్నమ్మ గుండె జారిపోయింది.

భుజాన సంచి, చేతిలో చిన్న వల, మెళ్ళో తాడుకి వేలాడే గాజు సీసా. చుట్టూ పిల్లలు.

వాళ్ళలో తన కూతురు రాజకుమారి.

ఎగువన కృష్ణ మీద వంతెన కడుతున్నారు. స్తంభం నిలవక ఒక ఆడపిల్లని బలిచ్చారని, ఇంకో పిల్ల కోసం మనుషుల్ని పంపారని పుకారు. నిజం గడప దాటేలోపు అబద్ధం ఊరు చుట్టి వస్తుందంటారు. ఇది దివిసీమంతా చుట్టేసింది.

అన్నమ్మ తుమ్మచెట్టు చాటునుంచి చూసింది.

అతను నీటికి బారెడు ఇవతల నేలమీద సున్నంతో గీత గీశాడు.

"ఇది దాటి ఎవరూ రాకూడదు."

మంత్రపు గీతే, సందేహం లేదనుకుంది అన్నమ్మ.

అతనొక్కడే నీళ్ళలోకి దిగి, సీసాలో ఏవో పట్టి తెచ్చాడు.

"రెక్కలు పరిచి వాలితే మామూలు తూనీగ. ఇలా వీపుమీద మడుచుకుంటే సూది తూనీగ. దీని తోక చివర నీలం చుక్క చూశావా?"

"ఈ నారింజ రంగుది వేరే రకమాండీ?" రాజకుమారి అడిగింది.

"అదీ ఆ రకమేనమ్మా, ఇంకా ఎదగని ఆడది. రంగు చూసి తేల్చెయ్యకూడదు."

"మీదేవూరండీ?"

"వంతెన దగ్గర్నించి వస్తున్నాను."

అన్నమ్మ పెట్టిన కేకకి పొలాల్లోంచి మగాళ్ళు కర్రలతో పరిగెత్తుకొచ్చారు.

సీసా పగిలింది. వల విరిగింది. అతని నుదురు చిట్లింది.

"ఎవడు పంపాడ్రా నిన్ను?" వాళ్ళలో అబ్బులు అనేవాడు అతని చొక్కా పట్టుకున్నాడు.

"ఎవరూ పంపలేదండీ. పిల్లల కోసం నేనే వచ్చాను."

ఇంకేం చెప్పినా ఎవరూ వినలేదు. రేవుకి ఈడ్చుకెళ్ళి లాంచీ ఎక్కించారు. లాంచీ కదులుతుంటే అతను అన్నమ్మ వైపు చూసి అరిచాడు.

"అమ్మా, మీ అమ్మాయిని నీళ్ళ దగ్గరికి పోనివ్వకండి."

శాపం పెట్టాడనుకుంది అన్నమ్మ. తలుపు గడియ పెట్టి, పిల్లని ఒళ్ళో అదుముకుని ప్రార్థన చేసుకుంది. భయం మాత్రం ఇంట్లోనే కూర్చుంది.

మర్నాడు లాంచీ వచ్చే వేళకి కూతుర్ని వెంటబెట్టుకుని రేవుకి వెళ్ళింది.

"వాడు మళ్ళీ వచ్చాడా సాహెబూ?"

లాంచీ నడిపే సరంగు మీరా సాహెబ్ తాడు కడుతూ తలెత్తాడు.

"రారమ్మా. గోవర్ధనరావుగారు ఉద్యోగం మానేసి ఎటో వెళ్ళిపోతున్నారంట. వంతెన పన్లో ఓవర్సీరాయన."

"మరి ఆ పురుగులెందుకు పడతాడు?"

"తూనీగల కోసం పిల్లలు నీళ్ళమీదికి వంగుతారుగా. వంగక్కర్లేకుండా తనే పట్టి చూపించేవారు."

అన్నమ్మ గబుక్కున పక్కకి తిరిగింది. రాజకుమారి లేదు.

గట్టెమ్మట పరిగెత్తింది.

సున్నపు గీతకి ఇవతలే నిలబడి, నీళ్ళమీద ఎగిరే సూది తూనీగల్ని చూస్తోంది పిల్ల. ఒక్క వేలు కూడా గీత దాటలేదు.

అన్నమ్మ కూతుర్ని ఎత్తుకుని తిరిగి రేవుకి వచ్చింది.

"ఆయనకి పిల్లలున్నారా సాహెబూ?"

"ఒక్క కూతురుండేదమ్మా. తూనీగ కోసం వంగి, వంతెన స్తంభానికి తవ్విన నీళ్ళ గుంటలో పడిపోయింది," అన్నాడు మీరా సాహెబ్. "మీరంతా బలిచ్చారంటున్న పిల్ల ఆ పిల్లే."